థీసిస్‌లో ‘సిగ్నిఫికెంట్’ అనే మాట

(వివిధ శాఖల పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

మీలో ఎడ్యుకేషన్ వాళ్లున్నారు, ఫార్మసీ వాళ్లున్నారు, అగ్రికల్చర్, సోషియాలజీ, కామర్స్ వాళ్లూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా ఇంగ్లీషు అకడమిక్ పదం ఒకటి తీసుకుని మాట్లాడమన్నారు. ఏ పదం అని నేను పెద్దగా వెతుక్కోలేదు. మీది ఏ శాఖైనా ఈ మాట రాయకుండా థీసిస్ పూర్తి చేయలేరు. సిగ్నిఫికెంట్.

లైబ్రరీకి వెళ్లి ఏ థీసిస్ అయినా తీయండి. మొదటి అధ్యాయంలో ‘సిగ్నిఫికెన్స్ ఆఫ్ ది స్టడీ’ అని ఒక ఉపశీర్షిక ఉంటుంది. ఈ పరిశోధన సమాజానికి ఎంత అవసరమో, ఎవరెవరికి పనికొస్తుందో అక్కడ రాస్తారు. పేజీలు తిప్పుకుంటూ నాలుగో అధ్యాయానికి వెళ్లండి. ‘దేర్ ఈజ్ ఎ సిగ్నిఫికెంట్ డిఫరెన్స్ బిట్వీన్ రూరల్ అండ్ అర్బన్ స్టూడెంట్స్’ అని ఉంటుంది, పక్కన టేబుల్లో, ఇది సిగ్నిఫికెంట్ అని చెప్పే గుర్తులుగా, ఒకటో రెండో నక్షత్రాలు ఉంటాయి. మాట అదే. మొదటి అధ్యాయంలో దానికి ‘ప్రాముఖ్యం’ అని అర్థం. నాలుగో అధ్యాయంలో ఆ అర్థం లేదు. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. నక్షత్రాలున్న తేడాని పెద్ద తేడా అనుకుని, పెద్దది కాబట్టి ముఖ్యమైనది అనుకుని, ‘ప్రభుత్వం తక్షణం చర్యలు తీసుకోవాలి’ అని సిఫారసు రాసేస్తారు. (నవ్వులు)

నవ్వుతున్నారంటే మీరూ రాశారన్నమాట. మీ తప్పు కాదులెండి, ఇంగ్లీషు వాళ్లే ఆ మాటని అలా వాడి పెట్టారు.

దీని మూలం లాటిన్‌లో ఉంది. సిగ్నమ్ అంటే గుర్తు, సంకేతం. ఏదో ఒకదాన్ని సూచించేది సిగ్నిఫికెంట్. ఇంగ్లీషు నవల్లో ‘హి గేవ్ హర్ ఎ సిగ్నిఫికెంట్ లుక్’ అని ఉంటే, ఆమె వంక చాలాసేపు చూశాడని కాదు, ఆ చూపులో ఏదో సంగతి ఉందని. ఈ పాత అర్థం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. స్టాటిస్టిక్స్ వాళ్లు తీసుకున్నది దీన్నే. 1885లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికశాస్త్రవేత్త రెండు సగటుల మధ్య తేడా గురించి రాస్తూ ఈ మాట వాడాడు. ఆ తేడా దేన్నయినా సూచిస్తోందా, లేక ఊరికే అలా పడిందా అన్నది ఆయన ప్రశ్న. తేడా పెద్దదా చిన్నదా అని ఆయన అడగలేదు. ఆ తర్వాత జనం వాడుకలో ఈ మాట ‘ముఖ్యమైన’, ‘చెప్పుకోదగ్గ’ అన్న అర్థం వైపు ఒరిగిపోయింది. స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో మాత్రం పాత అర్థమే నిలబడింది. చిక్కంతా అక్కడొచ్చింది.

మనకు కాకతాళీయం అనే మాట ఉంది కదా. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగాయి. కాకి వల్లే పండు పడిందా? ఒక్కసారి జరిగితే కాకతాళీయం అని వదిలేస్తాం. కాకి వాలిన ప్రతిసారీ పండు పడుతోంటే, ఏమిటి సంగతి అని చెట్టు కిందికి వెళ్లి చూస్తాం. స్టాటిస్టిక్స్‌లో సిగ్నిఫికెంట్ అంటే ఆ ‘వెళ్లి చూడాల్సిందే’ అనే దశ. అంతకు మించి ఏమీ లేదు. పండు ఎంత బరువుందో, తింటే బాగుంటుందో లేదో ఆ మాట చెప్పదు.

ఈ పద్ధతిని అందరి చేతికీ అందించినవాడు రొనాల్డ్ ఫిషర్. 1919లో ఆయన ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. అగ్రికల్చర్ వాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి మడుల్లో ఎరువులు మార్చి మార్చి వేసి, దిగుబడి రాసిపెట్టిన లెక్కలు గుట్టలుగా ఉన్నాయి. ఒక మడిలో దిగుబడి ఎక్కువొస్తే అది ఎరువు వల్లా, నేల వల్లా, వాన వల్లా? ఆ తగవు తీర్చడానికి పుట్టిన లెక్కలివి.

అక్కడే టీ కప్పుల కథ ఒకటి ఉంది. మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త అక్కడ పనిచేసేది, నాచుల మీద పరిశోధన ఆమెది. కప్పులో ముందు పాలు పోసి తర్వాత టీ పోశారా, ముందు టీ పోసి తర్వాత పాలు పోశారా అన్నది తాగి చెప్పేస్తానందట. మన ఇళ్లల్లో అన్నీ కలిపి మరిగిస్తాం కాబట్టి ఈ పంచాయితీ మనకు లేదు. ఫిషర్ 1935లో రాసిన ప్రయోగాల పుస్తకంలో ఆమె పేరు చెప్పకుండా ఈ విషయాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనిమిది కప్పులు. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. వాటిని కలగలిపి ఆమె ముందు పెడతారు. నాలుగూ నాలుగని ఆమెకు ముందే చెబుతారు. పాలు ముందు పోసిన నాలుగు కప్పులూ ఏరి ఇవ్వాలి.

ఇప్పుడు కాగితం తీసుకోండి, లెక్క చూద్దాం. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకోవడానికి ఎన్ని దారులు? ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు గుణిస్తే 1680. దాన్ని 24తో భాగిస్తే 70. వాటిలో సరైనది ఒక్కటే. అంటే ఆమెకు రుచి తేడా ఏమీ తెలియకపోయినా, కళ్లు మూసుకుని ఏరినా, డెబ్బైలో ఒకసారి అన్నీ సరిగ్గా పడతాయి. సుమారు 1.4 శాతం. మీరు పి-వాల్యూ అంటున్నది ఇదే. ‘ఆమెకు ఏమీ తెలియదు అనుకుంటే’ ఇంత బాగా చెప్పే అవకాశం ఎంత అన్నది. ఆ ‘అనుకుంటే’ అన్న మాట వదిలేస్తే లెక్కంతా తలకిందులవుతుంది.

మరి ఒక కప్పు తప్పిందనుకోండి. నాలుగింటిలో మూడు సరిగ్గా తీసింది. వినడానికి బాగానే ఉంది కదా, డెబ్బై ఐదు శాతం మార్కులు. లెక్క చూడండి. మూడు సరైనవి, ఒకటి తప్పు వచ్చే దారులు పదహారు. అన్నీ సరైనది ఒకటి కలిపితే పదిహేడు. డెబ్బైలో పదిహేడు అంటే 24 శాతం. నాలుగోవంతు సార్లు గుడ్డిగా ఏరినా ఇంత బాగా వస్తుంది. అందుకని ఎనిమిది కప్పుల పరీక్షలో ఒక్క తప్పు చేసినా ఆమె మాట నమ్మడానికి ఆధారం చాలదు. ఆమెకు రుచి తెలియదని తేలినట్టా? కాదు. ఆధారం చాలదు, అంతే. ఈ తేడా మళ్లీ వస్తుంది, పట్టుకుని ఉండండి.

ఆరు కప్పులే పెడితే దారులు ఇరవై. అన్నీ సరిగ్గా చెప్పినా ఇరవైలో ఒకటి, అంటే 5 శాతం. ఆ అయిదు శాతం అన్న అంకె మీకు తెలిసినదే. 1925లో వచ్చిన తన మొదటి పుస్తకంలో ఫిషర్ ఇరవైలో ఒకటి అన్నదాన్ని హద్దుగా పెట్టుకోవడం సౌకర్యంగా ఉంటుందన్నాడు. సౌకర్యం! ఆ హద్దులో సగటుకి 1.96 ఎస్.డి.ల దూరం వస్తుంది, ఇంచుమించు రెండు. ఎస్.డి. అంటే స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత. చేత్తో లెక్కలు వేసుకునే రోజులు, రెండు అంటే సులువు. దాన్ని మనం వందేళ్లుగా శిలాశాసనంలా మోస్తున్నాం. మరుసటి ఏడాది వ్యాసంలో అదే మనిషి ఇంకో మాట కూడా రాశాడు. సరిగ్గా అమర్చిన ప్రయోగం మళ్లీ మళ్లీ చేసినా ఈ హద్దు దాటడంలో అరుదుగా తప్ప విఫలం కాకపోతేనే ఆ విషయం ప్రయోగంలో స్థిరపడినట్టు అని. మొదటి మాట ప్రతి థీసిస్‌లోనూ ఉంది. రెండో మాట ఎవరికీ పట్టలేదు.

పక్కదారి అయినా ఒకటి చెప్పాలి. ఈ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, 1948లో పిహెచ్‌డీ తీసుకున్నాయన మన సి.ఆర్. రావు గారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లలో చదువుకుని, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, కలకత్తాలో మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లారు. సిగ్నిఫికెన్స్ పరీక్షల్లో స్కోర్ టెస్ట్ అని మీ సాఫ్ట్‌వేర్లో కనిపించేది ఆయన 1948లో ఇచ్చిందే. 2023లో, నూట రెండేళ్ల వయసులో పోయారు. మీ నాలుగో అధ్యాయం వెనకాల మనవాళ్ల చెయ్యి కూడా ఉందని చెప్పడానికి ఇది చెప్పాను.

సరే. మాట అర్థం ఇంత ఇరుకైనదని తెలిశాక, అది ఎక్కడెక్కడ మనని తప్పుదోవ పట్టిస్తుందో చూద్దాం.

ఫేస్‌బుక్ వాళ్ల ప్రయోగం ఒకటి 2014లో అచ్చయింది. 6,89,003 మంది ఫీడ్‌లో కనిపించే పోస్టుల్ని, వాళ్లకు తెలియకుండా, వారం పాటు మార్చారు. కొందరికి సంతోషంగా ఉండే పోస్టులు తగ్గించారు, కొందరికి బాధ ఉన్నవి తగ్గించారు. తర్వాత వాళ్లు రాసిన పోస్టుల్లో మాటలు లెక్కపెట్టారు. తేడా స్టాటిస్టికల్‌గా సిగ్నిఫికెంట్. మనుషుల అనుమతి లేకుండా ఇలా చేయొచ్చా అని పెద్ద రభస అయింది, అవ్వాల్సిందే. కానీ ఆ తేడా ఎంతో చూశారా? సంతోషపు పోస్టులు తగ్గించినప్పుడు, జనం రాసిన సంతోషపు మాటలు 0.1 శాతం తగ్గాయి. వెయ్యి మాటలకు ఒక మాట. ఏడు లక్షల మందిని తీసుకుంటే వెయ్యికి ఒక మాట తేడా కూడా సిగ్నిఫికెంట్ అవుతుంది. శాంపిల్ పెద్దదైతే ఎంత సన్నటి తేడా అయినా హద్దు దాటుతుంది. ఇప్పుడు ప్రభుత్వ పోర్టల్స్ నుంచి లక్షల రికార్డులు దింపుకుని పరిశోధన చేసేవాళ్లు మీలో ఉన్నారు. మీకు అన్నీ సిగ్నిఫికెంటే వస్తాయి. దానికి సంబరపడనక్కర్లేదు.

చిన్న తేడా అయితే పనికిరాదని కూడా అనుకోకండి. అమెరికాలో ఇరవై రెండు వేల మంది డాక్టర్ల మీద ఆస్పిరిన్ ప్రయోగం జరిగింది. 1989లో వచ్చిన చివరి నివేదికలో, సుమారు అయిదేళ్లలో, ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 139 మందికి గుండెపోటు వచ్చింది. ఉత్త బిళ్లలు వేసుకున్న 11,034 మందిలో 239 మందికి వచ్చింది. దీన్ని ‘గుండెపోట్లు 44 శాతం తగ్గాయి’ అనొచ్చు. నిజమే. ‘2.17 శాతం నుంచి 1.26 శాతానికి తగ్గాయి’ అనొచ్చు. అదీ నిజమే. అంటే నూట పది మంది అయిదేళ్లు బిళ్లలు మింగితే ఒకరికి గుండెపోటు తప్పుతుంది. అది విలువైనదా? ప్రాణం కాబట్టి అవునంటారు ఒకరు. ఆస్పిరిన్‌తో రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి చూసుకోవాలంటారు ఇంకొకరు. పి-వాల్యూ ఈ చర్చలోకి రాదు. రోగం తెలిసిన డాక్టరు, బిళ్ల మింగే మనిషి తేల్చుకోవాల్సింది అది. తర్వాత 2018లో పెద్ద వయసు వాళ్ల మీద చేసిన ఆస్‌ప్రీ ప్రయోగంలో, గుండెజబ్బు లేనివాళ్లకు ఆస్పిరిన్ వల్ల మేలు కనపడకపోగా రక్తస్రావం ఎక్కువైందని తేలింది. నాలుగు నక్షత్రాలు పెట్టినంత మాత్రాన కథ ముగిసిపోదు.

ఇప్పుడు దీనికి ఎదురు దిక్కు. నా గదికి వచ్చే స్కాలర్లు తరచు అనే మాట: ‘సిగ్నిఫికెన్స్ రాలేదు సార్.’ రిజల్ట్ రాలేదన్నట్టే, ఫెయిల్ అయినంత దిగులుగా అంటారు. తీరా పేపర్లో రాసేది ఏమిటంటే, ‘రెండు గ్రూపుల మధ్య తేడా లేదు’ అని. రెండూ తప్పే.

లెక్క కోసం ఊహించుకుందాం. పాత మందు ఇచ్చిన ఇరవై మందిలో పది మందికి తగ్గింది. కొత్త మందు ఇచ్చిన ఇరవై మందిలో పద్నాలుగు మందికి తగ్గింది. యాభై శాతం ఎక్కడ, డెబ్బై శాతం ఎక్కడ! కై-స్క్వేర్, అంటే ఇలాంటి లెక్కల్ని పోల్చే పరీక్ష, కట్టండి, పి-వాల్యూ 0.2 దగ్గరొస్తుంది. సిగ్నిఫికెంట్ కాదు. ఇప్పుడు అదే నిష్పత్తి, రెండొందల్లో వంద, రెండొందల్లో నూట నలభై. పి-వాల్యూ 0.0001 కన్నా కిందికి పోతుంది. మందు మారలేదు, తేడా మారలేదు, అదే ఇరవై శాతం. మారింది శాంపిల్ ఒక్కటే. మొదటి పేపరు రాసినవాడు ‘కొత్త మందు వల్ల తేడా లేదు’ అని రాస్తే అబద్ధం రాసినట్టే. అతను చూపించగలిగింది ఏమిటంటే, కొత్త మందు పది శాతం నష్టం చేయొచ్చు, యాభై శాతం లాభమూ చేయొచ్చు, నా దగ్గరున్న నలభై మందితో అంతకన్నా చెప్పలేను అని. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటే అదే. రెండో పేపరులో అదే ఇంటర్వెల్ సుమారు 11 నుంచి 29 శాతం దాకా అని ముడుచుకుంటుంది. ఒక్క పి-వాల్యూ కన్నా ఈ రెండంకెలు ఎంత ఎక్కువ చెబుతున్నాయో చూడండి.

దీని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. మ్యాట్రిక్స్ ఇనీషియేటివ్స్ అనే కంపెనీ జలుబుకి జైకామ్ అనే మందు అమ్మేది. ముక్కులో వేసుకునే మందు. వేసుకున్నవాళ్లు కొందరు వాసన తెలియడం లేదని ఫిర్యాదులు చేశారు. ఆ సంగతి మాకు చెప్పలేదని షేర్లు కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. వచ్చిన ఫిర్యాదులు స్టాటిస్టికల్‌గా సిగ్నిఫికెంట్ కావు కాబట్టి చెప్పనక్కర్లేదని కంపెనీ వాదన. 2011లో కోర్టు ఏకగ్రీవంగా ఆ వాదన కొట్టేసింది. డాక్టర్లైనా, మందుల నియంత్రణ సంస్థైనా సిగ్నిఫికెన్స్ ఒక్కటే చూసి నిర్ణయాలు తీసుకోరు, తెలివైన మదుపరి మాత్రం ఎందుకు అలా చూస్తాడు అన్నది తీర్పు సారాంశం. అంటే హద్దు దాటని సమాచారం కూడా ముఖ్యమైనది కావచ్చు.

ఎడ్యుకేషన్ స్కాలర్లతో ఒక పోరు ఉంది నాకు. ప్రశ్నావళి ఒకటి తయారుచేస్తారు. స్కోరు వేస్తారు. ఇక మొదలు. ఆడపిల్లలు, మగపిల్లలు. ఊరు, పట్నం. గవర్నమెంటు, ప్రైవేటు. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం. అన్న ఉన్నవాళ్లు, లేనివాళ్లు. (నవ్వులు) ప్రతిదానికీ ‘తేడా లేదు’ అనే ఒక నల్ హైపాథిసిస్, రెండు సగటుల్ని పోల్చే ఒక టి-టెస్ట్. ఇరవై టెస్టులు చేస్తే, నిజానికి ఎక్కడా ఏ తేడా లేకపోయినా, ఆ టెస్టులు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకటి సిగ్నిఫికెంట్ వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్ని పట్టుకుని అధ్యాయం రాస్తారు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి 2009లో అమెరికాలో కొందరు మెదడు పరిశోధకులు ఒక సాల్మన్ చేపను స్కానర్లో పెట్టారు. చచ్చిన చేప. దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఆ మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమని అడిగారు. స్కాన్‌లో వేల వేల చిన్న గడులుంటాయి, ఒక్కొక్కదానికీ ఒక్కో టెస్టు. మామూలు హద్దుతో చూస్తే చచ్చిన చేప మెదడులో కొన్ని గడులు ‘సిగ్నిఫికెంట్’గా వెలిగాయి. ఇన్ని టెస్టులు చేశాం కదా అని తగిన దిద్దుబాటు చేసి చూస్తే ఏమీ మిగల్లేదు. 2012లో వాళ్లకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఎగతాళి పని అనిపిస్తుంది గానీ, ఆ పేపరు వచ్చాక ఆ రంగంలో దిద్దుబాటు లేకుండా అచ్చువేయడం కష్టమైంది.

ఫిజిక్స్ వాళ్లు మనకన్నా జాగ్రత్తగా ఉంటారు. కొత్త కణం దొరికిందని చెప్పాలంటే ఫైవ్ సిగ్మా, అంటే ఇందాకటి ఎస్.డి.లు అయిదు, కావాలంటారు. కణం లేకపోయినా ఊరికే అలా పడే అవకాశం సుమారు ముప్పై అయిదు లక్షల్లో ఒకటి. 2012 జులై 4న హిగ్స్ కణం ప్రకటించింది ఆ హద్దు తాకాకే. అంత గట్టి హద్దు పెట్టుకున్నా ఏమైందో చూడండి. అంతకుముందు ఏడాది ఒపెరా అనే ప్రయోగంలో, జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా, 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే వచ్చాయన్నారు. సిక్స్ సిగ్మా! ఐన్‌స్టీన్ తప్పని పేపర్లన్నీ రాశాయి. తీరా చూస్తే ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. కేబుల్ బిగించాక తేడా పోయింది. సిగ్నిఫికెన్స్ కాకతాళీయాన్ని మాత్రమే పక్కన పెడుతుంది. వదులు కేబుల్‌ని, తప్పుగా అడిగిన ప్రశ్నని, ఒకే కాలనీలో తిరిగి నింపిన ఫారాల్ని అది పట్టుకోలేదు.

స్టాటిస్టిక్స్ బయట ఈ మాట వాడుక కూడా కొంచెం చూద్దాం. కామర్స్, లా వాళ్లు వినండి. చట్టానికి ‘చెప్పుకోదగ్గ’ అనే మెత్తటి మాటతో పని జరగదు, కొలత కావాలి. అందుకే మన 2021 ఐటీ నిబంధనల్లో ‘సిగ్నిఫికెంట్ సోషల్ మీడియా ఇంటర్మీడియరీ’ అంటే దేశంలో 50 లక్షల మంది రిజిస్టర్డ్ యూజర్లు దాటినది. కంపెనీల చట్టం కింద ‘సిగ్నిఫికెంట్ బెనిఫిషియల్ ఓనర్’ అంటే కంపెనీలో 10 శాతం వాటా లెక్క. అకౌంటింగ్‌లో ‘సిగ్నిఫికెంట్ ఇన్‌ఫ్లుయెన్స్’ అంటే మామూలుగా 20 శాతం ఓటు హక్కు నుంచి మొదలు. ఈ మూడు చోట్లా మాట ఒకటే, అంకెలు వేరు. కాబట్టి మీ పేపర్లో వాడేటప్పుడు ఏ చట్టం కింద అన్నది తప్పకుండా రాయాలి. సైన్సు వాళ్ల సిగ్నిఫికెంట్ ఫిగర్స్, తెలుగు మీడియంలో సార్థక సంఖ్యలు, అది ఇంకో సంగతి. 2.5 అని రాయడానికీ 2.50 అని రాయడానికీ ఉన్న తేడా. ఆ చివరి సున్నా కూడా కొలిచాననే హామీ. అది ఇంటర్లోనే చదివారు, వదిలేద్దాం.

ఇక రాయడం దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను మన్నించాలి, లెక్కల మనిషి వ్యాకరణం చెబుతున్నాడు.

లెక్క చేశాక వచ్చిన తేడాకి మాత్రమే సిగ్నిఫికెంట్ వాడండి. రాసినప్పుడు ఎంత తేడా వచ్చిందో అదే వాక్యంలో ఉండాలి. ‘సిగ్నిఫికెంట్ ఇంప్రూవ్‌మెంట్’ అని ఆపేస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. నూటికి మూడు మార్కులు పెరిగాయా, ముప్పయ్యా? టెస్టు చేయకుండా ‘పెద్దది’ అని చెప్పదలచుకుంటే సబ్‌స్టాన్షియల్ ఉంది, కన్సిడరబుల్ ఉంది, మార్క్‌డ్ ఉంది, ఏమీ లేకపోతే లార్జ్ ఉంది. ‘ముఖ్యమైన’ అనాలంటే ఇంపార్టెంట్ అనండి, ఆ మాటకి ఏం తక్కువైంది? చరిత్ర, సాహిత్యం వాళ్లకి ఈ గొడవ లేదు. ‘ఎ సిగ్నిఫికెంట్ పోయెట్’ అని హాయిగా రాసుకోవచ్చు. ఆ కవికి టి-టెస్ట్ ఎవరూ చేయరు.

ఇంకోటి. ఫలితం హద్దు దాటనప్పుడు ‘ఇన్‌సిగ్నిఫికెంట్’ అని రాయకండి. ఇంగ్లీషులో ఆ మాటకి ‘అల్పమైన, లెక్కలోకి రాని’ అని అర్థం. మనుషుల్ని చులకన చేయడానికి వాడతారు. ‘నాట్ సిగ్నిఫికెంట్’ అనో ‘నాన్-సిగ్నిఫికెంట్’ అనో రాయండి. హద్దు చెప్పేటప్పుడు ‘సిగ్నిఫికెంట్ ఎట్ ది ఫైవ్ పర్సెంట్ లెవెల్’, అక్కడ ‘ఎట్’. తేడా రెండింటి మధ్య అయితే ‘బిట్వీన్’ తర్వాత ‘అండ్’ రావాలి. మన స్కాలర్లు ‘బిట్వీన్ బాయ్స్ టు గర్ల్స్’ అని రాస్తున్నారు. పలకడంలో ఊనిక రెండో అక్షరం మీద, సిగ్‌‘ని’ఫికెంట్ అని. వైవాలో ఈ ఒక్క మాట సరిగ్గా పలికినా ఎక్స్‌టర్నల్‌కి సగం ధైర్యం వస్తుంది. (నవ్వులు)

పేపర్లలో పరిశోధన వార్త తెలుగులో వచ్చేటప్పుడు ‘గణనీయంగా తగ్గినట్టు తేలింది’ అని ఉంటుంది చూశారా. వార్త రాసినవాళ్లని తప్పుపట్టను, వాళ్లకి వచ్చిన ఇంగ్లీషు ప్రకటనలో అంకె ఉండదు, ఆ మాటే ఉంటుంది. మీరు ప్రకటన పంపేవాళ్లయినప్పుడు అంకె పంపండి.

సమయం అయిపోతోందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఫార్మసీ స్కాలర్): సార్, ఇన్ని ఇబ్బందులున్నాయి కదా. ఈ మాటని పూర్తిగా మానేయొచ్చు కదా?

మానేయమనే వాళ్లున్నారమ్మా. 2015లో ఒక సైకాలజీ జర్నల్ పి-వాల్యూలే వద్దని నిషేధించింది. 2016లో అమెరికా స్టాటిస్టికల్ అసోసియేషన్ ఒక ప్రకటన చేసింది. పి-వాల్యూ తేడా ఎంతో చెప్పదు, ఫలితం ఎంత ముఖ్యమో చెప్పదు, ఆ హద్దు దాటిందా లేదా అన్న ఒక్కదాని మీదే నిర్ణయాలు చేయొద్దు అని. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం స్టాటిస్టికల్ సిగ్నిఫికెన్స్ అనే మాటనే సాగనంపుదామంది. ఎనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. నన్నడిగితే, మందులకు అనుమతి ఇచ్చే చోట ముందుగా ఒప్పుకున్న హద్దు ఒకటి ఉండాలి. లేకపోతే ప్రతి కంపెనీ తనకు వచ్చిన అంకెని బట్టి హద్దు జరుపుకుంటుంది. థీసిస్‌లో మాత్రం ఆ మాట లేకుండా ఇంటర్వెల్ ఇచ్చి రాస్తే నేను సంతోషంగా సంతకం పెడతాను.

ప్రశ్న (ఎడ్యుకేషన్ స్కాలర్): సిగ్నిఫికెన్స్ రాకపోతే గైడ్ ఒప్పుకోరు సార్. ఇంకో యాభై ఫారాలు నింపించుకు రమ్మంటారు.

ఆ పని మాత్రం చేయకమ్మా. వచ్చేదాకా ఫారాలు కలుపుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అసలు తేడా లేకపోయినా వస్తుంది. అప్పుడు నువ్వు రాసే 5 శాతం ఇక 5 శాతం కాదు. ఎంతమంది కావాలో సినాప్సిస్‌లోనే లెక్క వేసి రాయించుకో. పవర్ అనాలిసిస్ అంటారు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంత తేడా అయితే బళ్లో టీచరుకి పనికొస్తుందో ముందు ఆ టీచర్లనే అడుగు, ఆ అంకెతో లెక్క వెయ్యి. కమిటీ సంతకం పెట్టిన సంఖ్య కాబట్టి తర్వాత ఎవరూ పెంచమనలేరు.

ప్రశ్న (అగ్రికల్చర్ స్కాలర్): నాకు 0.06 వచ్చింది సార్. ‘మార్జినల్లీ సిగ్నిఫికెంట్’ అని రాయొచ్చా?

ఎన్ని మడులు? పన్నెండా. దిగుబడి తేడా ఎంత? ఎకరానికి రెండు బస్తాలు. రెండు బస్తాలంటే రైతుకి చిన్న సంగతి కాదు కదా. రెండు బస్తాలని రాయండి, ఇంటర్వెల్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో రాయండి, పి-వాల్యూ 0.06 అని రాయండి. ‘మార్జినల్లీ’ తీసేయండి. వచ్చే సీజన్లో ఇంకో రెండు చోట్ల వేస్తున్నారా? వేస్తున్నారు కదా, ఆ సంగతీ అదే పేరాలో రాయండి.